ఓడలంటే ఇష్టం... ఏ కోర్సు మేలు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. అందరూ కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. వాడికేమో ఓడలంటే ప్రాణం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందుగా అబ్బాయిని ఒక్కటే అడగండి: ఓడను కట్టాలనుందా, ఓడలో తిరగాలనుందా? రెండూ వేర్వేరు చదువులు.

కట్టాలనుకుంటే నేవల్ ఆర్కిటెక్చర్. ఓడ ఆకారం, బరువు, నీటిలో నిలకడ లెక్కగట్టే విద్య ఇది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) విశాఖ క్యాంపస్‌లోనే ఈ బీటెక్ ఉంది. ప్రవేశానికి ఐఎంయూ సెట్ రాయాలి. విశాఖకు ఓడల నిర్మాణం కొత్త కాదు: స్వతంత్ర భారతంలో తొలి ఓడ ‘జల ఉష’ 1948లో జలప్రవేశం చేసింది మన షిప్‌యార్డు నుంచే.

తిరగాలనుకుంటే మెరైన్ ఇంజినీరింగ్. నెలల తరబడి ఇంటికి దూరంగా, ఇంజిన్ గది వేడిలో, హోరులో పని. ఫీజు కట్టేముందే కంటి వైద్యుడికి చూపించండి. వర్ణాంధత పరీక్షలో రంగు చుక్కల మధ్య దాగిన అంకెను గుర్తుపట్టలేకపోతే ఈ దారి మూసుకుపోవచ్చు. చేరబోయే కాలేజీకి, ఈ చదువులను పర్యవేక్షించే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇష్టం ఉన్నచోట పిల్లలు కష్టాన్ని ఓర్చుకుంటారు. వాడి మాట వినండి.