పంపు ఇంజనుకు కొత్త కార్బురేటర్ బిగించడం ఎలా?

కృష్ణానది లంకల్లో అరటికి, కూరగాయలకు నీళ్లు తోడే చిన్న పెట్రోలు పంపుల్లో హోండా జీఎక్స్160, లేదా అదే నమూనా ఇంజన్లు తరచూ కనిపిస్తాయి. వీటి కార్బురేటర్‌ని పట్టి ఉంచేవి రెండే నట్లు. విప్పడం, బిగించడం పెద్ద కష్టం కాదు. గాలి పక్కదారిన లోపలికి దూరకుండా చూడటమే అసలు పని.

లోపం కార్బురేటర్‌దేనా?

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది. పంటయ్యాక నెలల తరబడి అలాగే వదిలేస్తే బౌల్ అడుగున జిగురు పేరుకుని జెట్ పూడుకుపోతుంది. చోక్ వేసి ఉంచితేనే ఇంజను నడుస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. ముందు తాజా పెట్రోలు పోసి, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ చూడండి. జెట్ కడిగినా దారికి రాకపోతే, బౌల్ లోపల తెల్లగా పొడిబారి లోహం గుంతలు పడి ఉంటే మార్చేయండి.

విప్పడం

1. ఇంజను చల్లారాక ఆరుబయట పెట్టండి. ప్లగ్ క్యాప్ పీకి, పెట్రోలు కాక్ కట్టేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు.

2. గవర్నర్ కడ్డీ, దాని పక్కనున్న సన్నటి స్ప్రింగ్ ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి.

3. 10 నంబర్ స్పానర్‌తో ఫిల్టర్ డబ్బా విప్పితే కార్బురేటర్ స్టడ్‌ల మీదుగా ముందుకు జరుగుతుంది. పైపు ఊడదీసి, కారే పెట్రోలు డబ్బాలో పట్టండి. కార్బురేటర్‌ని కాస్త వంచి కడ్డీ కొక్కెం తప్పించండి. గుంజితే కడ్డీ వంగిపోతుంది.

4. వెనకున్న నల్లటి ఇన్సులేటర్ ఏ వైపు ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి.

కొనడం

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డున పటమట మీదుగా ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. పెట్రోలు పైపు మొన, చోక్ లివర్, స్టడ్ రంధ్రాల ఎడం రెంటికీ ఒకేలా ఉన్నాయా లేదా పక్కపక్కన పెట్టి చూడండి. ప్యాకింగ్‌లు కొత్తవే అడగండి.

బిగించడం

5. పాత ప్యాకింగ్ ముక్కల్ని ప్లాస్టిక్ ముక్కతో గీకండి. స్క్రూడ్రైవర్ వాడితే పడే గీతే గాలికి దొంగదారి.

6. వరుస ఇది: హెడ్, ప్యాకింగ్, ఇన్సులేటర్, ప్యాకింగ్, కార్బురేటర్, ప్యాకింగ్, ఫిల్టర్. ఇంజను వేడి కార్బురేటర్‌కి పాకకుండా ఆపేది ఇన్సులేటరే. అది లేకుండా బిగించకండి.

7. కడ్డీ, స్ప్రింగ్ ఫొటోలో ఉన్నట్టే తగిలించండి. రెండు నట్లనూ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి. బలమంతా చూపిస్తే మర పోతుంది.

నడిపి చూడడం

8. కాక్ తెరిచి కాసేపు ఆగండి. ఎక్కడా చెమ్మ లేకపోతేనే ప్లగ్ క్యాప్ పెట్టండి. పంపులో నీళ్లు నింపకుండా నడిపితే సీలు కాలిపోతుంది.

9. గవర్నర్ కడ్డీ తగిలించకుండా తాడు లాగొద్దు. ఇంజను వేగానికి పగ్గం ఉండదు. వేడెక్కాక కూడా శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఉంటే ఎక్కడో గాలి దూరుతోందేమో చూడాలి. ఆపి, ప్యాకింగ్‌ల వరుస మళ్లీ సరిచూడండి.

పంట పని ముగిశాక కాక్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. బౌల్ కింది స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలూ దించేస్తే కొత్త కార్బురేటర్‌కి పాతదాని గతి పట్టదు.