గడ్డ తీసేశాక ముక్క పరీక్ష ఎందుకు?



"ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు కదా సిస్టర్, మళ్ళీ ఈ పరీక్షకు డబ్బెందుకు?" అని వార్డులో చాలామంది అడుగుతుంటారు. దీనికి జవాబు తెలుసుకుందాం.

జీర్ణాశయం, పేగుల లోపలి పొరలో పుట్టే కేన్సర్ గురించి మీరు వినే ఉంటారు. ఆ పొర కింద, కండర గోడలో పుట్టే గడ్డలు వేరు. వాటిలో ముఖ్యమైనది 'జిస్ట్'. పదిమంది జిస్ట్ రోగులలో సుమారు ఆరుగురికి జీర్ణాశయంలోను, ముగ్గురికి చిన్నపేగులోను వస్తుంది.

లక్షణాలు:
• తారులాంటి నల్లటి విరేచనం (ఐరన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుగారికి చెప్పండి, వాటివల్ల కూడా మలం నల్లబడుతుంది)
• రక్తహీనత, నీరసం
• కొంచెం తినగానే కడుపు నిండినట్లుండడం, చేతికి గడ్డ తగలడం

కొందరికి ఏ బాధా ఉండదు.

ఎలా గుర్తిస్తారు?

గడ్డ పొర కింద ఉంటుంది కనుక ఎండోస్కోపీలో పైపైన తీసిన ముక్కలో అది దొరకకపోవచ్చు. అందుకే సి.టి. స్కాన్, కొందరికి ఎండోస్కోపీ ద్వారా అల్ట్రాసౌండ్ చేస్తారు.

తీసిన గడ్డను ఫార్మలిన్‌లో ఉంచి ల్యాబుకు పంపుతారు. అక్కడ దానిని మైనపు బ్లాకులుగా చేసి, పలుచగా కోసి, మైక్రోస్కోపులో చూస్తారు. జిస్ట్ కణాలు, మామూలు కండరపు గడ్డ కణాలు, నరపు గడ్డ కణాలు చూడడానికి ఒకేలా ఉండవచ్చు. తేడా తేల్చడానికి సి.డి.117, డాగ్1 అనే ప్రత్యేక పరీక్షలు చేస్తారు. నూటికి సుమారు 95 జిస్ట్‌లలో సి.డి.117 పాజిటివ్‌గా వస్తుంది.

ఇది తేలితే లాభమేమిటి?

మామూలు కీమోథెరపీ జిస్ట్‌పై సరిగా పనిచేయదు. ఇమాటినిబ్ అనే మాత్ర చాలామందికి పనిచేస్తుంది. జిస్ట్‌కు ఈ మందును అమెరికాలో 2002లో అనుమతించారు. గడ్డ సైజు, పుట్టిన చోటు, కణాలు విభజన చెందే వేగం, గడ్డ పగిలిందా లేదా అన్నవి చూసి, మళ్ళీ వచ్చే ప్రమాదాన్ని అంచనా వేస్తారు. ప్రమాదం ఎక్కువైతే సాధారణంగా 3 సంవత్సరాలు మాత్ర వాడాలి. ఈ మాత్ర పనిచేయని రకాలు కొన్ని ఉన్నాయి, అందుకు జన్యు పరీక్ష అవసరం కావచ్చు.

మీరు చేయవలసినవి:
1. గడ్డ ఉన్న సీసా మీ చేతికిస్తే వెంటనే ల్యాబులో అప్పగించి రసీదు తీసుకోండి.
2. రిపోర్టు తెచ్చి డాక్టరుగారికి చూపించండి. "బాగానే ఉన్నాడు కదా" అని వదిలేయవద్దు.
3. వేరే ఆసుపత్రికి వెళ్తే బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకెళ్ళండి. బ్లాకులు మైనంతో చేసినవి కనుక ఎండలో పెట్టవద్దు.
4. మాత్రలు సొంతంగా ఆపవద్దు.

మీ రోగి కొరకు ప్రార్థించండి. మేమూ ప్రార్థిస్తాము. ఆ రిపోర్టును మాత్రం తప్పక తెచ్చుకోండి. ఏ మందు ఇవ్వాలో దేవుడిచ్చిన జ్ఞానంతో వైద్యులు నిర్ణయించేది దానిని చూసే.