పందెం కంటే ముందు తనిఖీ: చిన్న చెక్క కారు నేర్పే పాఠం



ఎడ్ల బండలాగుడు పోటీలు మన ప్రాంతానికి కొత్త కాదు. అక్కడ బండ కదలకముందే ఎడ్ల నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు... ఏ జత ఏ విభాగంలో దిగాలో అప్పుడే తేలుతుంది. ఆ పరీక్ష సరిగ్గా జరిగితేనే గెలుపుకు విలువ. పిల్లల చెక్క కార్ల పందేనికీ ఇదే వర్తిస్తుంది.

ఈ పందెం ఎలా పుట్టింది?

1953లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే తండ్రి దీన్ని మొదలుపెట్టారు. పిల్లలు తామే కూర్చుని నడిపే సోప్ బాక్స్ డెర్బీకి ఆయన పదేళ్ల కొడుకు వయసు చాలలేదు. అందుకని తన కబ్ స్కౌట్స్ దళం పిల్లలందరికీ అరచేతిలో పట్టే చెక్క కార్ల పందెం పెట్టారు. అదే పైన్‌వుడ్ డెర్బీ. ఒక చెక్క దిమ్మ, నాలుగు మేకులు, నాలుగు చక్రాలు ఉంటే చాలు. ఇంజను ఉండదు, బ్యాటరీ ఉండదు. వాలు మీద నుంచి కారును భూమ్యాకర్షణే లాక్కెళుతుంది. అమెరికాలో మీ బంధువుల పిల్లలు ఎవరైనా స్కౌట్స్‌లో ఉంటే అడిగి చూడండి, ఈ పందెం కబుర్లు చెబుతారు.

తనిఖీ బల్ల దగ్గర ఏం చూస్తారు?

ఊరినిబట్టి చిన్న చిన్న మార్పులున్నా, సాధారణంగా చూసేవి ఇవి:

1. బరువు: 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు మించకూడదు.
2. కొలతలు: పొడవు 7 అంగుళాలు, వెడల్పు 2¾ అంగుళాలు దాటకూడదు.
3. కింది ఖాళీ: చక్రాల మధ్య 1¾ అంగుళాలు, కారు అడుగున ⅜ అంగుళం ఖాళీ ఉండాలి. ట్రాక్ మధ్యలో ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది కాబట్టి, ఖాళీ చాలకపోతే కారు దానికి తగులుకుంటుంది.
4. చక్రాలు: వదులుగా ఊడిపోకూడదు. స్ప్రింగులు ఉండకూడదు.
5. అతికించిన బరువులు: గట్టిగా బిగించి ఉండాలి. లోపల అటూ ఇటూ కదిలే వస్తువు ఏదీ ఉండకూడదు.

బరువు దగ్గర అంత పట్టింపు ఎందుకు?

తొమ్మిదో తరగతి పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న అడుగుతారు: "గాలి లేకపోతే బరువైనదీ తేలికైనదీ ఒకేసారి పడతాయి కదా?" నిజమే. కానీ ట్రాక్ మీద గాలి ఉంది. ఒకే ఆకారం, ఒకే వేగం ఉన్న రెండు కార్లకు గాలి నిరోధం ఒకటే. 1 మీటరు ఎత్తులో 142 గ్రాముల కారుకు దాదాపు 1.39 జౌళ్ల స్థితిజశక్తి ఉంటుంది, 100 గ్రాముల కారుకు 0.98 మాత్రమే. గాలికి పోయే వాటా బరువైన కారుకు తక్కువ. అందుకే అందరూ హద్దు దాకా బరువు నింపాలని చూస్తారు, అందుకే కాటా దగ్గరే వాదనలు వస్తాయి.

కాబట్టి అందరికీ ఒకటే కాటా ఉండాలి. ఇంట్లో కాటా ఏం చూపించినా తనిఖీ బల్ల మీద కాటాదే తుది మాట. కిరాణా కొట్టు కాటా చాలావరకు 5 గ్రాములకో 10 గ్రాములకో ఒక మెట్టు చొప్పున చూపిస్తుంది కనుక ఈ పనికి రాదు. 1 గ్రాము తేడా కూడా చూపే వంటింటి కాటా వాడండి.

కారు తప్పితే?

మంచి తనిఖీదారు కారును పక్కన పడేయడు. బల్ల మీద స్క్రూడ్రైవరు, గరుకు కాగితం సిద్ధంగా ఉంచుతాడు. లోపం ఏమిటో తండ్రికి కాదు, పిల్లవాడికే చెబుతాడు: "నాన్నా, 3 గ్రాములు ఎక్కువుంది. ఎక్కడ తీద్దాం?" సరిచేసుకునే సమయం ఇచ్చి మళ్లీ తూస్తాడు. నెగ్గిన కారు పందెం అయ్యేవరకు బల్ల మీదే ఉంటుంది. ఎవరూ, కన్నవారైనా సరే, ముట్టుకోకూడదు.

పెద్దల చెయ్యి ఎక్కడ ఆగాలి?

1973లో ఆక్రన్‌లో జరిగిన సోప్ బాక్స్ డెర్బీలో 14 ఏళ్ల బాలుడు విజేతగా నిలిచాడు. తర్వాత అతని కారుకు ఎక్స్‌రే తీస్తే ముందు కొనలో విద్యుదయస్కాంతం బయటపడింది. మొదట్లో కారును ఆపే ఇనుప పలక కిందికి వాలేటప్పుడు, ఆ అయస్కాంతం దానికి ఆకర్షితమై కారును ముందుకు లాగింది. ఆ ఏర్పాటు వెనుక ఇంట్లోని పెద్ద మనిషి ఉన్నాడు. బిరుదు పోయింది మాత్రం పిల్లవాడికి.

రంపం, డ్రిల్లు ప్రమాదకరం, అవి మీ పని. బొమ్మ గీయడం, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం, చక్రం బిగించి తిప్పి చూడడం పిల్లల పని. రంగు పూత గీతలు గీతలుగా ఉన్నా దిద్దకండి. వడ్రంగి చేత నున్నగా చేయించిన కారు గెలిస్తే, బడిలో తోటివాళ్లు "ఎలా చేశావు?" అని అడిగినప్పుడు మీ అబ్బాయి దగ్గర జవాబు ఉండదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

వడ్రంగి దగ్గర మిగిలిన తేలికపాటి చెక్క ముక్క, పాత బొమ్మకారు చక్రాలు తీసుకోండి. ఒక పలకను వాలుగా నిలబెట్టండి. పై అయిదు అంశాలను పిల్లల చేతే కాగితం మీద రాయించండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఒకరి కారును మరొకరు తనిఖీ చేయాలి. ఆ తర్వాత మీరూ ఒక కారు చేసి వాళ్ల ముందు పెట్టండి. మీ కారు 2 గ్రాములు ఎక్కువ తూగితే, ఆ మాట మీ ముఖాన చెప్పే ధైర్యం వాళ్లకు రావాలి. విన్నాక నవ్వుతూ స్క్రూ విప్పే ఓపిక మీకు ఉండాలి.