భీమవరం బిడ్డ - మన ఇంటి మాత్ర

గూట్లో మాత్రలు

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. కడుపుతో ఉన్న కోడలి చేతిలో మాత్రల అట్ట పెట్టింది. "రోజుకొకటి వేసుకోమ్మా. రక్తం పడుతుంది" అని చెప్పి వెళ్ళింది.

కోడలు రెండు రోజులు వేసుకుంది. మూడో రోజు కడుపులో తిప్పినట్టయింది. "ఈ మాత్రలు నీకు పడవు. పక్కన పెట్టెయ్యి" అంది అత్త. మాత్రలు గూట్లోకి చేరాయి.

ఆ గూట్లో ఇంకో పొట్లం కూడా ఉంది. అవి బోదకాలు రాకుండా ఇచ్చిన మాత్రలు. "నాకు బోదకాలు ఉందా ఏంటి? నేనెందుకు మింగాలి?" అని మామ వాటిని అక్కడే పడేశాడు.

ఇలాంటి గూళ్ళు గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఉంటాయి. కానీ ఆ రెండు మందులకీ భీమవరంలో పుట్టిన ఒక మనిషితో సంబంధం ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందుల వెనక ఒక ఇంటి దుఃఖం ఉంది. ఒక తల్లి పట్టుదల ఉంది.

వెంకమ్మ గారి కొడుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం. తల్లి వెంకమ్మ. వాళ్ళకు ఏడుగురు పిల్లలు. తండ్రికి ఆరోగ్యం బాగోలేక ఉద్యోగం మానుకున్నాడు. ఇల్లు గడవడం కష్టమైంది.

సుబ్బారావు రాజమండ్రిలో చదివాడు. చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్ళి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిద్దామనుకున్నాడు. తల్లి వెంకమ్మ ఊరుకోలేదు. వెతికి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. కొడుకు చదువు కోసం నగలు కూడా అమ్మిందని చెప్తారు.

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో రాసి పాసయ్యాడు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువులో చేరాడు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం చనిపోయాడు. ఎనిమిది రోజులు తిరక్కుండానే తమ్ముడు కృష్ణమూర్తి కూడా చనిపోయాడు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకటే జబ్బు. దాని పేరు స్ప్రూ. నాటు వైద్యులు ఇలాంటి కడుపు జబ్బుల్ని సంగ్రహణి అనేవారు.

కొన్నాళ్ళకి సుబ్బారావుకి కూడా అదే జబ్బు వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి అనే పేరున్న వైద్యుడు ఆయుర్వేద మందు ఇచ్చాడు. సుబ్బారావు బతికాడు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు కొడుకులు పోతే ఆ ఇంట్లో ఎవరైనా ఏమనుకుంటారు? "తలరాత" అనుకుంటారు. "ఎవరి దిష్టో తగిలింది" అనుకుంటారు. సుబ్బారావు అలా అనుకొని ఊరుకోలేదు. "ఈ జబ్బు ఎందుకొస్తుంది? దీనికి మందు ఏది?" అని అడిగాడు. ఆ ప్రశ్నే ఆయన్ని జీవితమంతా నడిపించింది.

కడుపులో ఏం జరుగుతుంది?

తిన్న అన్నం పొట్టలోంచి చిన్న పేగులోకి వెళ్తుంది. చిన్న పేగు లోపల చూస్తే టర్కీ తువ్వాలు లాగా ఉంటుంది. తువ్వాలుకి నూలు పోగులు లేచి ఉంటాయి కదా. అలాగే పేగు లోపల సన్నని మెత్తని పోగులు లక్షల్లో ఉంటాయి. తువ్వాలు నీళ్ళు పీల్చినట్టు ఆ పోగులు తిండిలోని సారాన్ని పీల్చుకుంటాయి. ఆ సారం రక్తంలో కలుస్తుంది.

స్ప్రూ జబ్బులో ఈ పోగులు అరిగిపోతాయి. పాత తువ్వాలు అరిగి నున్నగా అయినట్టు అవుతుంది. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. తిన్నది తిన్నట్టు విరేచనమైపోతుంది. విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. నాలుక ఎర్రబడి మండుతుంది. నోరు పూస్తుంది. మనిషి ఎండిపోతాడు. రక్తం తగ్గి పాలిపోతాడు.

చెడిన నీళ్ళు, చెడిన తిండి వల్ల పేగులో చేరే క్రిములే ఈ జబ్బు తెస్తాయని డాక్టర్లు అంటారు.

కాబట్టి మందు రెండు పనులు చేయాలి. ఒకటి, క్రిముల్ని చంపాలి. రెండు, రక్తం మళ్ళీ పట్టేలా చేయాలి. సుబ్బారావు చదువుకునే రోజుల్లో ఈ రెంటికీ సరైన మందు లేదు.

సముద్రం దాటి

సుబ్బారావు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది కాలేజీలో ఒక దొర ప్రొఫెసరుకి నచ్చలేదు. పూర్తి డిగ్రీ రాలేదు. దాని కంటే చిన్న పట్టా మాత్రమే వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పాడు.

తర్వాత అమెరికా వెళ్ళాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. అలా బయల్దేరాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆమె ఆయన్ని మళ్ళీ చూడలేదు. మందు కథలో ఆ ఇల్లాలి ఎదురుచూపు కూడా ఉంది.

అమెరికాలో బోస్టన్ నగరంలో చదువుకుంటూనే రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న చిన్న పనులు చేశాడు. హార్వర్డ్ యూనివర్సిటీలో సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి పరిశోధన చేశాడు. ఒంట్లో కండ కదలడానికి శక్తినిచ్చే పదార్థాన్ని 1929లో ఇద్దరూ లోకానికి చెప్పారు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. అక్కడ పరిశోధనకి పెద్ద అయ్యారు.

ఆకులో ఉన్న మందు

ఈలోగా మన దేశంలోనే ఇంకో పని జరిగింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక చనిపోతున్నారు. ఎందుకు అని ఆమె వెతికింది. రొట్టె పొంగడానికి వేసే ఈస్టు సారం తినిపిస్తే వాళ్ళకు రక్తం పట్టింది. ఈస్టులో ఏదో మంచి పదార్థం ఉందని తెలిసింది. అదేమిటో అప్పటికి తెలియదు.

1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల్లోంచి ఒక పదార్థాన్ని తీశారు. లాటిన్ భాషలో ఆకుని ఫోలియం అంటారు. అందుకే దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు తెస్తే చిటికెడు వచ్చేది. అలా అయితే పేదవాళ్ళకి ఎప్పుడు అందాలి?

సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని ఆకు లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేసింది. అది 1945. ఆ తర్వాత దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక మంట తగ్గింది. ఆకలి వేసింది. రక్తం పట్టింది.

అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి క్రిముల్ని చంపే మందు కనిపెట్టారు. దాని పేరు ఆరియోమైసిన్. అది 1948లో బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఈ రోజుకీ స్ప్రూ వస్తే డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపి ఇస్తారు.

అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ సుబ్బారావు గారు పెద్దగా ఉన్న చోటు నుంచే వచ్చాయి. అన్నకీ తమ్ముడికీ అవి అందలేదు. తర్వాత పుట్టినవాళ్ళకి అందాయి.

మురుగు కాలువ పూడితే

గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి కాలువల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి పంట కాలువ నీళ్ళు తెస్తుంది. చేలో మిగిలిన నీళ్ళని మురుగు కాలువ తీసుకుపోతుంది. మురుగు కాలువలో గుర్రపు డెక్క అడ్డం పడితే ఏమవుతుంది? నీళ్ళు వెనక్కి తన్ని చేను మునుగుతుంది.

మన ఒంట్లో కూడా రెండు రకాల కాలువలు ఉన్నాయి. రక్తనాళాలు పంట కాలువలు. వాటి నుంచి ఊరిన నీరు కొంత కండలో మిగులుతుంది. దాన్ని తీసుకుపోయే సన్నని గొట్టాలు వేరే ఉన్నాయి. వాటిని లింఫు నాళాలు అంటారు. అవి ఒంటికి మురుగు కాలువలు.

బోదకాలు తెచ్చేది దారం లాంటి సన్నని పురుగు. అది లింఫు నాళాల్లో కాపురం పెడుతుంది. ఏళ్ళ తరబడి బతుకుతుంది. నాళం ఉబ్బి పాడైపోతుంది. నీరు కదలదు. కాలు వాస్తుంది. మగవాళ్ళకి వరిబీజం కూడా వస్తుంది.

ఆ పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. మురికి నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఆ పిల్లలు దోమలోకి వెళ్తాయి. ఆ దోమ ఇంకొకరిని కుడితే వాళ్ళకి అంటుతుంది. పాపం వల్ల రాదు. శాపం వల్ల రాదు. రోగిని ముట్టుకుంటే రాదు.

1947లో సుబ్బారావు గారి బృందం ఈ పురుగుకి మందు తెచ్చింది. దాన్ని హెట్రజాన్ అన్నారు. ఇప్పుడు డి.ఇ.సి. మాత్ర అంటున్నారు. అది ముఖ్యంగా రక్తంలోని పురుగు పిల్లల్ని చంపుతుంది. అందుకే కాలు వాయనివాళ్ళు కూడా మింగాలి. పురుగు ఒంట్లో ఉన్నా చాలా ఏళ్ళు బయటికి కనబడదు. ఊరంతా మింగితే దోమకి మోసే పురుగు ఉండదు.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53. 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

గూట్లోంచి చేతిలోకి

మళ్ళీ ఆ ఇంటికి వెళ్దాం. వారం తర్వాత ఆశా కార్యకర్త వచ్చింది. గూట్లో మాత్రలు చూసింది. కోప్పడలేదు. పక్కన కూర్చుంది.

"కడుపులో తిప్పుతోందా? పరగడుపున వేసుకోకు. అన్నం తిన్నాక వేసుకో. దాంతో పాటు టీ తాగకు. విరేచనం నల్లగా వస్తే భయపడకు. అది ఇనుము వల్ల వస్తుంది."

"ఎన్నాళ్ళు వేసుకోవాలి?" అంది కోడలు.

"నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. బిడ్డ పుట్టాక ఇంకో 180 రోజులు. అందులో ఇనుమూ ఉంది, ఫోలిక్ ఆమ్లమూ ఉంది. మొదటి మూడు నెలలూ ఉత్త ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి."

"మొదట్లోనే ఎందుకమ్మా?" అంది అత్త.

"బిడ్డ వెన్ను, మెదడు మొదటి నెలలోనే తయారవుతాయి అత్తా. నెల తప్పిందని తెలిసేలోపే ఆ పని అయిపోతుంది. ఫోలిక్ ఆమ్లం ముందే వేసుకుంటే చాలామంది బిడ్డలకి వెన్ను లోపం రాకుండా ఆపొచ్చని 1991లో పెద్ద పరిశోధనలో తేలింది. అందుకని బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే వేసుకుంటే మంచిది."

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి కోడలికిచ్చింది. మామ పొట్లం కూడా తీసి పట్టుకుంది.

"మరి ఇవి?"

"అవి ఇచ్చినప్పుడే మా ఎదురుగా అన్నం తిన్నాక మింగాలి. ఇప్పుడు మీ అంతట మీరు వేసుకోవద్దు. ఈసారి పంచేటప్పుడు మామ చేత మింగిద్దాం. కొంతమందికి కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. పురుగులు చస్తుంటే అలా అవుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి, రెండేళ్ళ లోపు పిల్లలకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకి మాత్రం ఇవ్వం."

గుర్తుంచుకోండి

తోటకూర, పాలకూర, బచ్చలి, పెసలు, మినుములు రోజూ తినే తిండిలో ఉండాలి. ఆకుకూర ఎక్కువసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం కూడా పోతుంది.

విరేచనాలు రోజుల తరబడి తగ్గకపోయినా, మనిషి చిక్కిపోతున్నా నాటు మందుతో కాలయాపన చేయొద్దు. డాక్టరుకి చూపించాలి.

కాలు వాచినవాళ్ళు రోజూ సబ్బుతో కడుక్కోవాలి. వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోవాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. పాత వాపు పూర్తిగా పోదు. కానీ ఇలా చేస్తే పెరగకుండా ఉంటుంది.

ఇంటి చుట్టూ మురికి నీళ్ళు నిలవనీయొద్దు. దోమతెర కట్టుకోవాలి.

చెప్పండి చూద్దాం

1. సుబ్బారావు అన్న, తమ్ముడు ఏ జబ్బుతో చనిపోయారు?

2. చిన్న పేగుని తువ్వాలుతో ఎందుకు పోల్చారు?

3. కాలు వాయనివాళ్ళు కూడా బోదకాలు మాత్ర ఎందుకు మింగాలి?

4. మీ ఇంట్లో గూట్లో మాత్రలు ఉన్నాయా? అట్ట మీద పేరు మీరే చదవండి. వాటిని ఎలా వాడాలో ఆశా కార్యకర్తని గానీ ఏ.ఎన్.ఎమ్.ని గానీ అడగండి.