మల్లెకి ఆకు దూశాను

ఏమే చెల్లీ, రథసప్తమికి రథం కట్టిన చిక్కుడు పాదును మర్నాడే పీకేశాను. నువ్వుంటే “ఇంకా పూత ఉందిగదే అక్కా” అని గోల చేసేదానివి. ఉంది, లేకేం! కానీ మన నాటు చిక్కుడు పొద్దు చూసుకుని కాసే రకం. పగలు పొట్టిగా ఉన్నన్నాళ్లే దాని జోరు. సంక్రాంతి దాటి పొద్దు సాగేసరికి కాపు తగ్గింది, పేనుబంక నల్లగా పట్టింది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి రెండుసార్లు కొట్టి, ఇక నావల్ల కాదనుకున్నా. ఆ పందిరికే బీర, సొర గింజలు రాత్రి నానేసి పెట్టాను.

అసలు ముచ్చట మల్లెది. పోయినేడు ఆకు నిగనిగలాడుతుంటే కొయ్యడానికి చేతులు రాలేదు. వేసవంతా ఆకే! జడలోకి మూరెడు దండ కూడా రాలేదు. పెరట్లో పొదలు పెట్టుకుని బజార్లో పూలు కొన్నదాన్ని నేనొక్కదాన్నే అయివుంటా. ఈసారి మన మైలవరం తోటల్లో చేసేదే చేశాను. డిసెంబరులో నీళ్లు ఆపేశాను. సంక్రాంతి వెళ్లాక మోకాలెత్తున కోసి, మిగిలిన ఆకంతా దూసేశాను. దూస్తుంటే వేళ్లకి పసరు అంటుకుంది, ఒక్కో కణుపూ బోడిగా బయటపడుతుంటే మనసు చివుక్కుమంది. కానీ మల్లె పూసేది కొత్త చిగురు కొసల్లోనే కదా. పాదు తవ్వి నాలుగు రోజులు ఎండనిచ్చి, గంపెడు మాగిన పశువుల ఎరువేసి నిండా తడిపాను. మీ బావగారు కాఫీ తాగుతూ “ఆ పుల్లలకా నీళ్లు?” అన్నారు. వేసవిలో పూలు ఎవరి ముక్కు కింద పెట్టాలో నాకు తెలుసు.

పొద్దున్నే మంచు విడవకముందు నడకకి వెళ్తున్నా. మామిడితోటలోంచి పోతే పూత వాసనకి తల దిమ్మెక్కుతుంది. మొన్న ఒక కొమ్మని కదిపితే చిన్న చినుకులు పడ్డట్టు టపటపమన్నది. వాన కాదే, తేనెమంచు పురుగులు! ఆకులన్నీ జిగురు. ఆ జిగురు మీదే తరవాత మసి పడుతుంది. పాపం ఆ రైతు మందు ట్యాంకు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

తోట దాటితే కొండవాలు. మోదుగలకి ఆకు పలచబడి, చిలకముక్కుల్లాంటి పూలతో కొమ్మలు మండుతున్నాయి. మన చిన్నప్పుడు ఆ పూలు నానబెట్టి హోలీకి రంగు చేసి, నా పరికిణీ పాడు చేసింది నువ్వే, మరిచిపోలేదు. బూరుగు మీద గోరింకలు ఎర్రపూలలోకి తలలు దూర్చి తేనె తాగుతూ ఒకటే కీచులాట. చెట్టు కింద రాలిన పువ్వు ఒకటి చేతికి తీసుకుంటే ఎంత బరువుందో!

ఇంటికొచ్చి మల్లె దగ్గర కూర్చున్నా. కణుపు పక్కన గోటి మొనంత పచ్చన. బావగారిని పిలవలేదు, ఇంకాస్త పెరగనీ అని.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారుగా, ఆ తరవాత కరివేప తల తుంచాలి. నా కొమ్మల కత్తెర పోయిన దసరాకి నువ్వే పట్టుకుపోయావు. మల్లెని కొడవలితో కోస్తే నాలుగు కొమ్మలు చీలాయి. ఆ పండక్కి వచ్చేటప్పుడు కత్తెర తే, మాటలు తరవాత.