చపాట మిరప - పెరటి సేద్యము

విద్యార్థులారా! మిరపకాయ యనగానే మనకు మంట జ్ఞప్తికి వచ్చును. కాని మిరపలన్నియు నొకే తీరుగా మండవు. ఇటలీ, స్పెయిన్ దేశములవారు తీపి మిరపకాయలను నూనెలో వేయించి కూరవలె భుజింతురు. మన సీమలో తక్కువ కారమును, మిక్కిలి ఎఱ్ఱని రంగును గల కాయ చపాట మిరప. గుండ్రముగా నుండుటచే దీనిని టమాట మిరప యనియు పిలుతురు. వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతముల రైతులు దీనిని తరతరములుగా కాపాడుకొనిరి. 2025వ సంవత్సరమున దీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఇందుకై తిమ్మంపేట రైతుల సంస్థతోపాటు మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానమువారును పాటుపడిరి.

మిరప మొదట అమెరికా ఖండమున పుట్టినది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వలన మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన పూర్వులు మిరియములు, పిప్పళ్లు, అల్లములతోనే కారమును పొందుచుండిరి. కారమునకు కారణము కాప్సైసిన్ అను పదార్థము. అది గింజలలో నుండునని పలువురు తలంతురు; నిజమునకు గింజలు అంటియుండు తెల్లని భాగమున పుట్టును. మిరపలో సి విటమిను సమృద్ధిగా కలదు. 1937లో నోబెల్ బహుమానము పొందిన హంగేరి శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గి ఆ విటమినును తీపి మిరపకాయలనుండియే విస్తారముగా తీసెను.

ఇక సేద్యమును చూతము. జూలై మాసమున ఎత్తైన మడిలో విత్తనములను పలుచగా చల్లి, పైన మెత్తని ఎరువు కప్పవలెను. నీరు నిలిచినచో నారు కుళ్లిపోవును. సుమారు 40 దినముల నారును సాయంకాలమున, మొక్కకు మొక్కకు రెండడుగుల ఎడముంచి నాటవలెను. మాగిన పశువుల ఎరువు చాలినంత వేయవలెను. ఆకులు పైకి ముడుచుకొన్నచో తామరపురుగు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి పట్టినదని తెలిసికొనుడు. 2021లో నల్ల తామరపురుగు మన జిల్లాల మిరపతోటలను పాడుచేసి అనేక కుటుంబములకు తీరని నష్టము కలిగించెను. కావున ఆకుల అడుగును, పూల లోపలను తరచుగా పరీక్షింపుడు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, సాయంకాలమున చల్లుట పెరటికి మేలు.

ఇచట నా తప్పు నొకటి చెప్పుకొందును. ఒక యేడు నా పెరటిలో చపాట మొక్కల ప్రక్కనే కారపు మిరపను నాటితిని. ఆ యేటి చపాట కాయలు ఎప్పటివలెనే యుండెను. వాని గింజలను సంతోషముతో పిల్లలకు పంచితిని. మరుసటి యేడు ఒక విద్యార్థి తల్లి బడికి వచ్చి, "సారూ, మీరిచ్చినవి చపాట చెట్లు కావు. పండుమిరప తొక్కు పెడితే పిల్లలు నోట పెడ్తలేరు" అనెను. నేను సిగ్గుపడితిని. ఆ యింట ఒక సంవత్సరపు తొక్కు చెడెను గదా!

కారణమేమి? తేనెటీగలు ఒక మొక్క పుప్పొడిని మరొకదానికి మోయును. దాని ఫలితము ఆ యేటి కాయలో కానరాదు. గింజలో దాగి మరుసటి తరమున బయటపడును. కావున విత్తనము కొరకు మంచి మొక్క నెన్నుకొని, మొగ్గలు విచ్చకమునుపే ఒక కొమ్మకు పలుచని గుడ్డసంచి కట్టవలెను. మిరపపువ్వు తన పుప్పొడితోనే కాయగట్టగలదు. కాయ నిలిచిన పిదప సంచి విప్పి, కాడకు ఎఱ్ఱదారము కట్టి, బాగుగా పండనిచ్చి గింజలు తీసి నీడన ఆరబెట్టవలెను.

పొరుగువానికి విత్తనమిచ్చుట మంచి పని. కాని దాని గుణము నెఱిగి యిచ్చుట మన ధర్మము. ఈ వర్షాకాలమున ప్రతి విద్యార్థియు పెరటిలో నాలుగు చపాట మొక్కలైనను పెంచి, ఒక కొమ్మకు సంచి కట్టి చూచునుగాక!