మలినాన్ని ముందే కడిగేయకు

చి. అమ్మలుకు,


సహజ ఖనిజాలను పరిశ్రమల్లో ఉత్ప్రేరకాలుగా వాడడం మీద పరిశోధన చేస్తున్నావని తెలిసి చాలా సంతోషమైంది. పని మొదలుపెట్టేముందు రసాయన శాస్త్రవేత్త అల్విన్ మిట్టాష్ ఏం చేశాడో శ్రద్ధగా చదువు.

1909లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ అమోనియా తయారీకి ఉత్ప్రేరకం వెతుకుతోంది. ఫ్రిట్జ్ హేబర్ వాడి చూపిన ఆస్మియం బాగా పనిచేసింది గాని, ఆ లోహం ప్రపంచమంతా గాలించినా ఫ్యాక్టరీకి చాలినంత దొరకదు. ఇనుము చవకే, అయితే శుద్ధమైన ఇనుము నిరాశపరిచింది. ఆ ఏడాది చివర్లో మిట్టాష్ బృందం స్వీడన్‌లోని గాలివారే నుంచి వచ్చిన మాగ్నెటైట్ ఖనిజాన్ని పరీక్షించింది. అమోనియా దండిగా వచ్చింది!

అదీ ఇనుమే కదా, తేడా ఎక్కడిది? రాయిలోని మలినాలది. బృందం అక్కడితో సంబరపడి ఆగలేదు. శుద్ధమైన ఇనుముకు ఒక్కొక్క పదార్థమే కలుపుతూ వేలసార్లు పరీక్షించింది. అల్యూమినా ఇనుప రేణువులు వేడికి అతుక్కుపోకుండా కాపాడుతుందని, పొటాషియం నైట్రోజన్ అణువు విడిపోవడానికి తోడ్పడుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 1913లో జర్మనీలోని ఓపావులో అమోనియా ఫ్యాక్టరీ నడిచింది. ఇప్పటికీ చాలా అమోనియా ప్లాంట్లలో వాడేది ఆ తరహా ఉత్ప్రేరకమే.

అందుకే నమూనా రాగానే మలినాలు కడగడానికి ఆమ్లంలో వేయకు. కొంత భాగం ఉన్నదున్నట్టు పరీక్షించు, కొంత ముట్టుకోకుండా దాచు. ఏ గని, ఏ పొర, ఎంత లోతు అన్నది సీసా మీదే రాయి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో సరిపెట్టుకోవద్దు. ఒక శాతానికి లోపున్న పదార్థాలు అందులో తరచూ కనబడవు. రసాయన విశ్లేషణ తప్పనిసరి.

ఆమ్లమే మేలు చేసిన సందర్భమూ ఉంది. ఫ్రెంచ్ ఇంజనీరు యూజీన్ హూడ్రీ ఆమ్లంతో శుద్ధిచేసిన బంకమన్నుతో ముడిచమురు భారభాగాలను పెట్రోలుగా విడగొట్టాడు. 1937లో అమెరికాలోని మార్కస్ హుక్‌లో పెద్ద యూనిట్ మొదలైంది. మట్టి పొరల్లోని అల్యూమినియం కొంత కరిగిపోయి ఉపరితల వైశాల్యం పెరగడం ఇందులో ఒక కిటుకు. కొన్నేళ్లకే కృత్రిమ సిలికా-అల్యూమినా ఆ స్థానంలోకి వచ్చింది. గని మట్టి ఎప్పుడూ ఒకేలా ఉండదు మరి.

ఇక మన దేశపు ఖనిజాల సంగతికొస్తే, దక్కన్ బసాల్టులో, పుణె పరిసరాల్లో, హ్యూలాండైట్ అనే అందమైన జియోలైట్ దొరుకుతుంది. దాని సోదర ఖనిజం క్లినాప్టిలోలైట్ దాదాపు 700 డిగ్రీల వేడికీ నిలుస్తుంది. హ్యూలాండైట్ నిర్మాణం 450 దగ్గరే కూలిపోతుంది. చూడ్డానికి రెండింటికీ పోలికలెక్కువ. వాటితో పనిచేసేటట్టయితే ముందు వేడిచేసి చూసి, ఆ ఫలితాలు నాకు రాయి.

మీ పెదనాన్న